భార్య నింపిన ఫారం

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ వడ్రంగి మంచం దిగలేదు. నిజానికి వాళ్లు చెప్పింది మంచిమాటే... ఆయన ఇచ్చిన జవాబుల ప్రకారం ఆయనకు దిగులు జబ్బు లేదట, అందుకని తమ పరిశోధనలో చేర్చుకోలేమట! ఆయన తల్లి హమ్మయ్య అనుకుంది. ఆయన మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, "విన్నావుగా, నాకు జబ్బేం లేదు. నాది ఒట్టి సోమరితనం" అన్నాడు. ఆ మాట ఇల్లాలికి సూటిగా తగిలింది. ఎందుకంటే ఆ జవాబులు రాసింది ఆయన కాదు, ఆమె!

ఏడాదిగా ఆయనకు ఏ పని మీదా చేయి ఆడటం లేదు. ఆ ఆసుపత్రిలో తలుపు బిగించడానికి వెళ్లినప్పుడు గోడమీద ఒక కాగితం చూశాడు. దిగులు జబ్బుకు మాటలతో చేసే చికిత్స ఎంతవరకు పనిచేస్తుందో పరీక్షిస్తున్నామనీ, ఆడవాళ్లు వస్తున్నారు గానీ మగవాళ్లే ముందుకు రావడం లేదనీ అందులో ఉంది. ఎన్నడూ ఎవరి సాయమూ అడగని మనిషి, తనంత తానుగా లోపలికి వెళ్లి ఫారం అడిగి తెచ్చుకున్నాడు! తెచ్చి, అలవాటు ప్రకారం భార్య చేతిలో పెట్టాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఏ కాగితమైనా నింపేది ఆమె, సంతకం పెట్టేది ఆయన. ఆమె కూరగాయలు తరుగుతూ మధ్యలో దాన్ని కూడా నింపేసింది. నిద్ర పడుతోందా? పడుతోంది. పని మీద ఆసక్తి ఉందా? ఉంది. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని మొగుడి పరువు కాపాడింది, పాపం... పరువు దక్కింది, మనిషే చేజారిపోతున్నాడు!

మూడు రోజులు మింగలేక కక్కలేక నలిగిపోయి, నాలుగో రోజు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, ఆ పరిశోధన చూసే డాక్టరమ్మ ఎదుట అంతా చెప్పేసుకుంది. తిడుతుందనుకుంటే, డాక్టరమ్మ కూర్చోమని కుర్చీ చూపించింది. ఆయన్ని తీసుకొస్తే మళ్లీ మొదటి నుంచీ అడుగుతామని చెప్పి, "ఈసారి మీరు బయట కూర్చోవాలమ్మా" అంది.

ఇంటికొచ్చి ఆయనతో చెప్పడమే కష్టమైంది. మంచం పక్కన నేలమీద కూర్చుని, "ఏమండీ, ఆ ఫారంలో ఉన్నవన్నీ అబద్ధాలు. మిమ్మల్ని ఒక్క మాట కూడా అడక్కుండా నేనే రాసేశాను" అంది.

ఆయన దుప్పటి పక్కకు తీశాడు. తర్వాత మెల్లగా ఇటు తిరిగాడు. "అయితే నాది సోమరితనం కాదంటావా?"

ఆ గొంతులో ఆశ విని ఆమెకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఆసుపత్రిలో ఆయన డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు, ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. పది నిమిషాల పనే కదా అనుకుంటే గంట దాటింది. బయటికొచ్చేసరికి ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పక్కన కూర్చుని, ఎటో చూస్తూ చెప్పాడు.

"బతుకు వద్దనిపిస్తోందా అని అడిగారు. అవునన్నాను."

ఆమెకు ఫారంలోని ఆ ప్రశ్న గుర్తొచ్చింది. ఆ ప్రశ్నను తాను సరిగ్గా చదవనైనా చదవకుండా 'ఎప్పుడూ లేదు' అని టిక్కు పెట్టేసింది... "దానికి వాళ్లేమన్నారండీ?" అంది.

"పరిశోధనలో ఉన్నా లేకపోయినా నన్ను వదిలిపెట్టరట. చికిత్స ఇవాళే మొదలుపెట్టారు. ఎల్లుండి మళ్లీ రమ్మన్నారు." ఆమెవైపు తిరిగి, "నువ్వు కూడా అప్పుడప్పుడూ అడుగుతూ ఉండు" అన్నాడు.

ఆమె ఆయన గరుకు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మెదపకుండా కూర్చుంది.

"బాగాలేదు" అన్నాడాయన.

ఆ మాట ఆయన నోటితోనే విన్నందుకు ఆమె మనసు ఎంత తేలికపడిందో!