బొమ్మ చెప్పని మాట

నిజామాబాద్‌లో మేముండే అద్దె ఇంట్లో అవ్వా నేనూ ఇద్దరమే. అమ్మను చిన్నప్పటి నుంచీ అవ్వ అనే పిలుస్తాను. ఆదివారం మధ్యాహ్నం, బయట ముసురు. అవ్వ చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. గదంతా తునికాకు వాసన. నేను టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాను. ఫోటో స్టూడియో రామ్‌దాస్ మా పాత వీడియో క్యాసెట్‌ను అందులోకి ఎక్కించి ఇచ్చాడు.

అది గోనెగుడ్డ బొమ్మల సినిమా. ఒక ముసలమ్మ బొమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక పిల్లి. ఎడపల్లిలో ఉన్నప్పుడు, అవ్వ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతూ నాకూ తమ్ముడు వేణుకూ ఆ సినిమా పెట్టి పోయేది. "బొమ్మలు చెప్పినట్టు ఇనుండ్రి" అనేది. మేమూ అలాగే వినేవాళ్ళం. ముసలమ్మ బొమ్మ చేతులు కడుక్కోమంటే లేచి కడుక్కునేంత పిచ్చి మాది!

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఇలాంటి ముసురులోనే, సినిమా సగంలో వేణు బయటికి జారుకున్నాడు. నేను గడియ పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తలుపు చప్పుడైంది.

"అక్కా, తియ్యి."

లేవబోయాను. "తలుపు తీయకమ్మా. వాడు మీవాడు కాదు" అంది ముసలమ్మ బొమ్మ. నేను తీయలేదు. సాయంత్రం చెరుకుతోట పక్కన కాలువ ఒడ్డున వేణు శవం దొరికింది. అక్క తలుపు తీసి ఉంటే పిల్లవాడు బతికేవాడని ఊరంతా అన్నారు. బొమ్మ వద్దన్నదని నేనెంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. దాదాపు ముప్ఫై ఏళ్ళు. ఆ మాట సినిమాలో ఉందని ఒక్కసారి అవ్వకు వినిపించాలి, అంతే నాకు కావాల్సింది.

సినిమా మొదలైంది. రంగులు వెలిసిపోయాయి గానీ పాటలన్నీ నాకింకా నోటికొచ్చు. నవ్వుకున్నాను కూడా. ఆ చోటు వచ్చింది. బొమ్మల ఇంటి మీద కూడా వాన. తలుపు చప్పుడు.

"తలుపు తీయమ్మా. తమ్ముడు తడుస్తున్నాడు" అంది ముసలమ్మ బొమ్మ.

వెనక్కి తిప్పాను. అదే మాట. మళ్ళీ తిప్పాను... అదే. నమ్మిన బొమ్మే నన్ను నట్టేట ముంచింది. ఏడుపు ఆగలేదు నాకు.

"గా బొమ్మ చెప్పలే బిడ్డా" అంది అవ్వ, తల ఎత్తకుండా. "నేను చెప్పిన."

ఆకు కత్తిరిస్తున్న చేయి ఆగిపోయింది.

"కాల్వల పడ్డ పోరన్ని నా చేతులతోటే ఒడ్డుకేసిన. పానం లేదు. మనుషుల్ని పిలుద్దామని ఉరికొస్తే... మన తలుపు ముందట నిలవడ్డడు. గదే అంగీ. కొడుతున్నడు. నేను పెరట్లకెల్లి అచ్చి, నీ ఎన్క కూసోని, బొమ్మ గొంతుతోటి చెప్పిన."

"మరి నేనే సంపిననని ఊరంతా అంటే నోరు మూసుకున్నవా? కన్నతల్లివేనా నువ్వు?"

"మెల్లగ..." గుసగుసలాడింది అవ్వ. "నిజం చెప్తే నువ్వు తీస్తవ్. తమ్ముడంటే పానం నీకు. గిన్ని ఇండ్లు ఎందుకు మార్చిననుకున్నవ్?"

ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు నన్ను దోషిని చేసి, ఇప్పుడు దెయ్యం కథ చెబుతుందా! లేచి తలుపు వైపు నడిచాను. అవ్వ నా కాలు పట్టుకుంది. విదిలించుకున్నాను. గడియ తీశాను.

ఎవరూ లేరు. గల్లీ నిండా నీళ్ళు. వాన చప్పుడు.

తలుపు వేయబోతూ చూశాను. బయటి వైపు, చెక్క మీద... తడి అరచేతి అచ్చు. వేళ్ళ నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. కాలువ బురద వాసన. వేణు పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. ఈ చేయి నా చేతికి రెండింతలుంది. నా తల కంటే జానెడు పైన ఉంది.

అవ్వ గుమ్మం దాకా రాలేదు. లోపలే కూర్చుని, గోడ వైపు చూస్తూ, మెల్లగా అడిగింది.

"యాడిదాంక పెరిగిండు?"