నల్లా కాడి అత్త

చంద్రపూర్ కాడ, మాజ్రి దిక్కు ఒక ఖాళీ కాలనీ ఉంది. పేరు చెప్ప. చెప్తే చూసొద్దామని బయల్దేరేటోళ్లుంటరు.

కింద బొగ్గు తీసీ తీసీ నేల కుంగింది, క్వార్టర్ల గోడలు పగిలినయి, అందర్ని లేపి పంపిచ్చిండ్రు. ఇప్పుడు ఆడ తలుపుల్లేవు, కిటికీల్లేవు, అన్నీ ఎత్తుకపోయిండ్రు. ఇండ్లల్ల తుమ్మచెట్లు మొలిచినయి, పందులు పంటున్నయి. నడిమిట్ల ఒక నల్లా మాత్రం మిగిలింది. దానికి నీళ్లు బందై ఎన్నేండ్లయిందో... కానీ పొద్దుగూకినంక ఆ తొవ్వల పోయినోళ్లకు నీళ్లు పడుతున్న సప్పుడు ఇనొస్తదట.

నేను, మా తమ్ముడు ఏబెల్ పుట్టింది ఆ కాలనీలనే. మా బాపు ప్రేమయ్య గనిల పనిచేసిండు. మా అమ్మ సౌభాగ్యమ్మ చెప్పేది — మేం పుట్టకముందు ఒక ఏడాది కాలనీల వాంతులు, మోషన్లు పట్టుకున్నయట. ఒకామె పిల్లగాడు అదే జబ్బుతోని సచ్చిపోయిండు. ఆమెకూ జబ్బే, లేచే సత్తువ లేదు. పిల్లగాన్ని ఒళ్లె పెట్టుకొని నల్లా కాడ కూసొని, జర వీన్ని కడుగుండ్రమ్మా అని వచ్చిపోయేటోళ్లందర్ని అడిగిందట. అంటుకుంటదని ఒక్కరు ముట్టలె. ముక్కులు మూసుకొని పక్కకెల్లి పోయిండ్రు. ఆఖరికి గలీజుతోటే గోనెసంచిల సుట్టి పూడ్చిపెట్టిండ్రు. ఎనకనే ఆమె కూడ పోయింది.

యాదికొస్తే ఇప్పటికీ నాకు అసహ్యమే పుడతది. దయ్యం మీద కాదు, ఆ ముక్కులు మూసుకున్నోళ్ల మీద.

ఇగ మా తమ్ముని సంగతి చెప్త. వానికి పెండ్లాం క్రిస్టినా, ఇద్దరు పిల్లలు. పెద్దది రోజీ, బడికి పోతది. చిన్నోడు రాబిన్సన్, ఇంక నడక రాలె. మా తమ్మునికి చెయ్యి పాడుచేసుకునుడంటే పానం మీదికొస్తది. పిల్లగాడు పొద్దుగాల స్నానం జేసి, పౌడర్ పూసుకొని కూసున్నడనుకో — 'నా కొడుకు.' గుడ్డల్ల పోయిండనుకో — 'క్రిస్టినా, నీ కొడుకును చూడు.' గంతే. ఇద్దరు పుట్టినా ఒక్కనాడు ముడ్డి కడగలె, ఒక్కనాడు ఒంటికి నీళ్లు పొయ్యలె. థూ, గదేం తండ్రితనమో. అక్కను కాబట్టి నేను మొకం మీదనే అన్న ఎన్నోసార్లు. నవ్వి ఊకునేటోడు.

మొన్న దసరా సెలవులల్ల పిల్లలకు మెట్రో చూపిస్తనని నలుగురూ కారు బండిల నాగ్‌పూర్ పోయిండ్రు. మెట్రో ఎక్కిండ్రు, దిగిండ్రు, మల్ల ఎక్కిండ్రు. రోజీ ఖుషీ. వాపస్ వచ్చేటప్పుడు వరోరా దాటినంక చెరుకురసం బండి కనవడ్డది. వద్దని క్రిస్టినా చెప్పింది. ఆ ఐసు యాడ గడ్డకట్టిచ్చిండ్రో, ఏ గోనె కింద దాచిండ్రో. దాని మీద ఈగలు, ఆ గిలాసలు ముంచి తీసే బకెట్ నీళ్లు నల్లగ... మా తమ్ముడు ఇనలె. రోజీకి తాపిచ్చిండు, పసిపోరనికి కూడ చెంచతోని పోసిండు.

కొంచెం దూరం పోంగనే రోజీ వెనక సీట్లకెల్లి తండ్రి మెడ మీద కక్కింది. అది అంగీ లోపటికి కారుతుంటే వీడు బండి నడుపుకుంటనే ఓకరించుడు. గంతల చిన్నోని కడుపు కూడ జారింది. ఒకసారి కాదు. డైపర్లు అయిపోయినయి, తెచ్చిన గుడ్డలు అయిపోయినయి, సీసల నీళ్లు అయిపోయినయి. పిల్లగాడు మొదలు బాగ ఏడ్చిండు. తర్వాత ఏడ్వనీకి కూడ సత్తువ లేక తల ఏలాడేసిండు.

పొద్దు గూకింది. ముందట రోడ్డు మీద బొగ్గు ట్రక్కు పల్టీ కొట్టి లైను ఆగింది. చంద్రపూర్‌కు పోయి దవాఖానల చూపియ్యాలె, ఆగే పని లేదు. లోపటి తొవ్వ తనకు తెలుసని ఏబెల్ బండి మాజ్రి దిక్కు మలిపిండు. పోంగ పోంగ లైట్లు తగ్గినయి, మనుషులు తగ్గిండ్రు, బండిల కంపు మాత్రం పెరిగింది. కాలనీ కాడికి రాంగనే వానికి నీళ్ల సప్పుడు ఇనొచ్చింది.

ఆ సప్పుడు ఇని పారిపోవాలె. వీనికి మాత్రం, పోనీ కడుక్కోనీకి నీళ్లన్న దొరికినయి అనిపిచ్చిందట.

క్రిస్టినా అప్పటికే రోజీని తుడుస్తున్నది, సీటు తుడుస్తున్నది, ఆమె చేతులు రెండూ అందుల్నే ఉన్నయి. "ఇయ్యాల నువ్వే కడగాలె," అన్నది. ఇగ తప్పలేదు. పిల్లగాన్ని రెండు చేతులు సాపి, ఒంటికి తాకకుండ ఎత్తుకొని దిగిండు. జేబుల సెల్‌ఫోన్ ఉంది. దానికి అంటుకుంటదని తియ్యలె, లైటు ఎయ్యలె. దూరం గనిల పెద్ద లైట్ల వెల్తురు ఉంది కదా, గది చాలనుకున్నడు.

నల్లా కాడ ఒకామె ఒంగి కూసొని ఉంది. నీళ్లు పడుతున్నయి.

మీరయితే ఆగిపోతరు. ఈ ఖాళీ జాగల ఎవలీమె అని అడుగుతరు. మా కాలనీల పెరిగినోడు అడగడు. మా దగ్గెర పద్ధతే గది — నల్లా కాడ ఏ ఆడామె ఉంటే ఆమెనే అత్త. ఎవల పిల్లలనన్న ఆమె చేతికిస్తే కడిగిస్తది. అప్పటిదాంక ఆమె పిల్లను మనం పట్టుకోవాలె. మమ్ముల అందర్ని గట్లనే కడిగిండ్రు. ఎవలు కడిగిండ్రో మాకే తెల్వదు. వీనికి ఆ పద్ధతి యాదికొచ్చింది, పని తప్పిచ్చుకునే సందు దొరికింది.

"అత్తా, జర వీన్ని కడుగవా," అన్నడు.

ఆమె మొకం ఎత్తలె. పిల్లగాన్ని అందుకున్నది. అందుకొని, తన ఒళ్లె ఉన్న మూట వీని చేతులల్ల పెట్టింది.

"నావోన్ని పట్టు," అన్నది నిమ్మళంగ.

గోనెసంచి. తడిగ ఉంది. కంపు... సచ్చిన ఎలుక కంపు, విరిగిన పాల కంపు, దాని మీద బొగ్గు బురద కంపు. సంచిలకెల్లి ఏందో జిగటగ కారి మోచేతి దాంక పోయింది, అంగీ చేతులకు అంటింది. వీడు మెల్లగ కింద పెడదామని ఒంగిండు.

"కింద పెట్టకు..."

ఆమె ఎనకకు తిరిగి చూడనే లేదు. కడుగుతనే ఉంది. కొంచెంసేపయినంక రాబిన్సన్‌ను ఒళ్లెకు తీసుకొని తన కొంగుతోని తుడిచింది.

"నీవోన్ని కడుగుడు అయింది. ఇప్పుడు నావోన్ని కడుగు."

"నాతోని కాదత్తా..."

"గట్లనే అన్నరు అందరు. నావోడు సాఫయితెనే నీవోడు నీ చేతికొస్తడు."

అప్పుడు మా తమ్మునికి అమ్మ చెప్పిన ముచ్చట మొత్తం యాదికొచ్చింది. బండి దిక్కు ఒకసారి చూసిండు. తన కొడుకు ఆమె ఒళ్లె తల ఏలాడేసి ఉన్నడు. పారిపోతే ఆడనే ఉండిపోతడు.

సంచి ఇప్పిండు.

లోపట ఏముందో వాడు నాకు చెప్తుంటే, నేను చేతిల అన్నం గిన్నె పక్కకు పెట్టి లేచిపోయిన. మల్లొచ్చి కూసున్న. నల్లటి బురద, పైన సబ్బు నురుగు లెక్క తెల్లగ ఏందో... నీళ్లు పోస్తుంటే వేళ్ల కింద మెత్తగ జారుతున్నదట. ఎముక యాడుందో, చర్మం యాడుందో తెలుస్తలేదట. వాడు పక్కకు తిరిగి కక్కిండు. మల్ల కడిగిండు. మల్ల కక్కిండు. ముక్కు మూసుకుందామంటే రెండు చేతులకూ గదే. ఆమె మాత్రం ఏ అత్త అయినా చెప్పినట్టే చెప్తున్నది. సంకల కడుగు... మెడ మడతల... వేళ్ల సందులల్ల... మల్ల నీళ్లు పొయ్యి, మురికి ఇంక పోలె.

కడుగంగ కడుగంగ నలుపు తగ్గింది. నీళ్లు తెల్లబడ్డయి. చేతి కింద ఒళ్లు గట్టిపడ్డది, పసిపిల్లల ఒళ్లు ఉన్నట్టు.

అప్పుడు అది కాలు జాడిచ్చింది.

ఆమె చెయ్యి సాపి తీసుకున్నది. ఇప్పుడు ఆమె ఒళ్లె ఇద్దరు. ఇద్దరికీ బట్టల్లేవు, ఇద్దరూ తడిసి ఉన్నరు, ఇద్దరూ ఒక్కటే ఎత్తు.

"నీవోన్ని నువ్వు తీస్కో."

మా తమ్ముడు ఒంగి చూసిండు. తలకు అతుక్కున్న ఎంటికెలు ఒక్కటే తీరు. బుగ్గలు ఒక్కటే తీరు. ముట్టి చూసిండు, ఇద్దరూ సల్లగనే ఉన్నరు. క్రిస్టినా అయితే కండ్లు మూసుకొని చేతితోని తడిమి చెప్పేది — యాడ మచ్చ ఉంది, యాడ మడత ఉంది, పుట్టినప్పటి గుర్తు ఏ దిక్కుంది. వీనికేం తెలుసు? పౌడర్ పూసిన మొకం తప్ప కొడుకు ఒళ్లు ఎన్నడు చూసిండు?

ఇంతల ఒకడు ఏడ్చిండు. ఇంకొకడు కదలకుండ పడి ఉన్నడు.

బతికున్నోడే ఏడుస్తడనుకున్నడు. ఏడ్చినోన్ని గుంజుకొని, గుండెకు హత్తుకొని ఉరికిండు.

సాయంత్రం సంది తన కొడుక్కు ఏడ్చే సత్తువ లేదన్న సంగతి బండి కాడికి వచ్చినంక యాదికొచ్చింది.

క్రిస్టినా పిల్లగాన్ని అందుకొని వాసన చూసింది. "మంచిగనే కడిగినవ్ కదా," అన్నదట. వాడు ఆమె చేతిల సెల్‌ఫోన్ గుంజుకొని లైటు ఏసుకొని మల్ల నల్లా కాడికి ఉరికిండు. ఎవ్వలు లేరు. నేల ఎండి పగిలి ఉంది. నల్లాకు మూతి కాడ తుప్పు, సాలెగూడు. వాడు కక్కింది మాత్రం ఆడనే ఉంది.

చంద్రపూర్‌ల దవాఖానకు పోయిండ్రు. డాక్టర్ పిల్లగాని కడుపు ఒత్తి చూసిండు, నాలుక చూసిండు, వీడు మంచిగనే ఉన్నడు కదా, మోషన్లు ఎవలికని అడిగిండు.

నేను రాజురాల ఉంట, పిల్లగాన్ని ఎత్తుకున్నదే తక్కువ, వీడు వాడేనా అంటే నాకేం తెలుసు. అమ్మ ఉంటే చెప్పేది, అమ్మ లేదు. తమ్ముడు ఇదంత చెప్పినంక నేనే సముదాయించిన. ఎవలో పిచ్చామె ఆడ పంటుండొచ్చు, గనిల ఊరే నీళ్లు మోటరు పెట్టి బయటకు ఇడుస్తరు కదా, గవ్వే అయి ఉంటయి, కంపుకు నీ తల తిరిగి ఒకడు ఇద్దరు లెక్క కనవడ్డడు అన్న. తల ఊపిండు. నమ్మలె.

ఇప్పుడు రోజూ పొద్దుగాల పిల్లగానికి నీళ్లు పోసేది వాడే. ముక్కు మూసుకునుడు లేదు, నీ కొడుకు అనుడు లేదు. ప్రతి మడత ఇప్పి చూస్తడు, కాళ్లు ఎత్తి చూస్తడు, ఎంటికెలు పాపి చూస్తడు. వీనికి పుట్టుమచ్చ యాడుండె అని పెండ్లాన్ని అడుగుతడు. ఆమె చెప్పదు. "నీ కొడుకే కదా, నువ్వే చూడు," అంటది.

మొన్న నేను పోయినప్పుడు వాడు డ్యూటీకి పోయిండు. క్రిస్టినా వంటింట్ల కూసొని పిల్లగానికి పాలిస్తున్నది. నా పానం నిలవలె. దగ్గెర కూసొని గుసగుసగ అడిగిన.

"నాకన్న చెప్పు. ఆ మచ్చ ఉందా... లేదా?"

ఆమె కొంగు సదురుకున్నది. పిల్లగాని తల నిమిరింది.

"గిప్పుడదెందుకు వదినా," అన్నది. "పాలు మంచిగ తాగుతుండు."