చేయి పడని బండి

ఆయన ఉద్యోగం చేతులు ముడుచుకుని కూర్చోవడం. ముప్పై ఏళ్ళు లారీలు తోలి నడుం పడిపోయిన మనిషికి ఆఖరికి దొరికిన సుఖమైన పని అది. తనంతట తానే లైను మారే కారులో, స్టీరింగ్ ముందు, చేతులు ఒళ్ళో పెట్టుకుని రోజంతా హైవే మీద తిరగాలి. ప్రమాదం అనిపిస్తే స్టీరింగ్ పట్టుకోవచ్చు. కానీ పట్టుకున్న ప్రతిసారీ రికార్డులో ఒక ఎర్రగీత పడుతుంది. దాన్ని ఆఫీసులో "చేయి పడింది" అంటారు. చేయి పడిన బండికి మార్కులు తగ్గుతాయి.

ఈయన బండి మీద నాలుగు నెలలుగా చేయి పడలేదు. తోటి డ్రైవర్లు "చేతులెత్తేసిన పెద్దాయన" అని ఏడిపిస్తే లోలోపల మురిసిపోయేవాడు. మురవడా మరి? ఆ బండికి లైను మారడం, పక్క రోడ్డు నుంచి వచ్చేవాళ్ళకు దారివ్వడం నేర్పింది ఆయన కన్నకూతురే.

ఆ రోజు కూతురు కూడా పక్క సీట్లో కూర్చుంది. పదకొండు గంటల ఎండ. రోడ్డు ఖాళీ.

"ఆ పక్క రోడ్డు వచ్చి కలిసే చోటే నాన్నా. మూడు వారాలుగా బండి అక్కడ ఊరికే నెమ్మదిస్తోంది, ఎవరికో దారిస్తున్నట్టు. చూస్తే ఎవరూ ఉండరు. రేపు కంపెనీ పెద్దవాళ్ళ ముందు ఇలా చేసిందంటే నా పని గోవిందా."

"ఎండకి భ్రమపడుతోందేమోలే అమ్మా," అన్నాడు. ఏసీ పెంచాడు.

ఆయనకు తెలుసు. మూడు వారాల కిందట, సరిగ్గా అక్కడే, స్కూటర్ మీద ఒకావిడ పక్క రోడ్డు చివరికి వచ్చింది. హ్యాండిల్ పట్టుకున్న ఆవిడ వేలికి ఉంగరం ఎండలో మెరిసింది. బండి దారివ్వలేదు. ఆయన చేతులు లేచాయి. కూతురి బండికి మచ్చ ఎందుకని మళ్ళీ ఒళ్ళో పడ్డాయి. స్కూటర్ పక్కకి తిరిగి రోడ్డు వార గోడను గుద్దుకోవడం పక్క అద్దంలో కనిపించింది. బండి ఆగలేదు. ఆయనా ఆపలేదు. రికార్డులో "ఏదీ తగల్లేదు" అని నమోదైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచి తిన్నది ఒంటికి పట్టడం లేదు, కళ్ళు మూస్తే ఆ అద్దమే.

పక్క రోడ్డు కనిపించింది. బండి నెమ్మదించింది. ఏసీలోంచి కాలిన రబ్బరు వాసన సన్నగా వచ్చింది.

బండి తన చుట్టూ ఏముందని అనుకుంటోందో తెరమీద బొమ్మలు వేసి చూపిస్తుంది. తమ బండి నీలం. మిగతావన్నీ బూడిద రంగు. ఇప్పుడు పక్క రోడ్డు చివర ఒక బూడిదరంగు బొమ్మ పుట్టింది. సన్నగా... రెండు చక్రాలతో...

"స్కూటర్," అంది కూతురు గుసగుసగా. తలెత్తి ముందు అద్దంలోంచి బయటికి చూసింది. ఎదురుగా ఖాళీ రోడ్డు.

తెరమీద స్కూటర్ వాళ్ళ ముందుకు వచ్చింది. వేగం తగ్గించింది. వెనక్కి... ఇంకా వెనక్కి... నీలం బొమ్మలో కలిసిపోయింది.

"హమ్మయ్య, పోయింది."

"పోలేదమ్మా." ఆయన ఆ నీలం బొమ్మకేసే చూస్తున్నాడు. "ఆ రోజు నేను చేయి వేయాల్సింది. నీకు మచ్చ వస్తుందని వేయలేదు. ఆవిడ... ఆ గోడ దగ్గర..."

"ఎవరు నాన్నా? ఏమంటున్నావు?"

తెరమీద ఎర్రగీత పడింది. నాలుగు నెలల్లో మొదటిది. కారు గొంతు ఎప్పటిలాగే మర్యాదగా పలికింది.

"డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. ఇక నడిపేది మీరే."

"చేయి తియ్యి నాన్నా!"

ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

స్టీరింగ్ మెల్లగా తిరిగింది. కూతురు కూర్చున్న వైపు... గోడ వైపు. వేగం పెరుగుతోంది. బ్రేకు తొక్కాడు. అది రాయిలా బిగుసుకుపోయింది. కూతురు "నాన్నా" అని అరిచింది.

ఈసారి ఆలోచించలేదు. ప్రాణమంతా కూడదీసుకుని స్టీరింగ్ మీద పడ్డాడు.

చేతికి స్టీరింగ్ తగల్లేదు. చల్లగా, బిగించి పట్టుకున్న వేళ్ళు తగిలాయి. వాటిలో ఒకదానికి ఉంగరం ఉంది.