తిరిగొచ్చిన బోణీ

నౌపడ ఉప్పు మడిలో లక్ష్ముడు బోర్లా పడి ఉన్నాడు. వెల్లకిలా తిప్పితే నోటి నిండా ఉప్పు. గొంతు దాకా కుక్కేశారు. నాలుగేళ్ళు నోరు మెదపకుండా దేశానికి పనిచేసిన ఏజెంటు, పాపం, చివరికి అలా నోరు మూసుకున్నాడు.

శ్రీకాకుళంలో ఒక జెరాక్స్ షాపు వెనక గది. చీఫ్ నరసింగరావు ఆ ఫొటోని బల్ల మీదకి విసిరాడు.

"కోరల్ గ్యాంగ్. హెడ్‌క్వార్టర్స్ సముద్రం అవతల. చిన్న ఆన్‌లైన్ స్టోర్లకి సాయం చేస్తామని వస్తారు. సెర్చ్‌లో మొదటి పేజీకి ఎక్కిస్తారు, అమ్మకాలు పెంచుతారు. జనం విరగబడ్డాక డబ్బు కట్టే చెక్‌అవుట్ పేజీలో దొంగ కోడ్ పెట్టి, కొన్నవాళ్ళ కార్డులన్నీ ఊడ్చేస్తారు. జైలుకి మాత్రం స్టోర్ వాళ్ళు పోతారు."

"ఈసారి ఎవరు సార్?" అన్నాడు ఏజెంట్ ఎల్లాజీ.

"ఉప్పుగాలి. ఎండుచేపల స్టోరు. తవిటమ్మ అనే ముసలావిడ, ఇంకో ముప్ఫైమంది ఆడవాళ్ళు నడుపుతున్నారు. రేపు పదకొండింటికి వాళ్ళ సేల్. నాలుగు వేలమంది కాచుకుని కూర్చున్నారు. కోడ్ పెట్టింది ఎవరో లక్ష్ముడు కనిపెట్టాడు, చెప్పేలోపే పోయాడు. లోపల మన మనిషి ఉష ఉంది. పదకొండు లోపల ఆపు."

"మరి ఆ ఆడవాళ్ళ సంగతి?"

"ఏం సంగతి?" అన్నాడు చీఫ్. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

మర్నాడు పది గంటలకి ఎల్లాజీ కొరియర్ వాడి చొక్కా తొడుక్కుని భావనపాడు ఒడ్డున రేకుల షెడ్డులో అడుగుపెట్టాడు. చేతిలో బార్‌కోడ్ స్కానర్. చూడ్డానికి మామూలు స్కానరే. మీట నొక్కిపట్టి ఎదుటివాళ్ళ ఫోను వైపు తిప్పితే మాత్రం అందులో గుట్టంతా బయటపెడుతుంది.

నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, చేపల కంపులో కూడా గుప్పుమనే మల్లెపూల సెంటు. అదీ ఉష. స్టోర్‌కి మార్కెటింగ్ కన్సల్టెంటు.

"పులుసులో ఉప్పు తగ్గింది," అన్నాడు ఎల్లాజీ మెల్లిగా.

"నౌపడ నించి వస్తన్నాది," అంది ఉష. సంకేతం సరిపోయింది. ఆమె నవ్వింది. "నన్నేటలా సూస్తన్నావు బావా? మాయమ్మ కూడా గంప నెత్తినెట్టుకుని సేపలమ్మిందే."

ఎల్లాజీ తల్లి కూడా గంప మోసిందే. ఆ మాటకి అతని మనసు ఇట్టే మెత్తబడింది. వెధవ మనసు!

తవిటమ్మ పార్సిళ్ళు అందిస్తూ ఉషని ఒకటే మెచ్చుకుంది. "ఈ పిల్ల రాకముందు మా కొట్టు ఎక్కడో అడుగున ఉండీది బావూ. నెత్తళ్ళ సేపల ఫొటో పక్కన 'ఇసక నేదు' అని రాయించినాది. అంతే! ఎండుసేపలు కొనీవోళ్ళ భయవంతా ఇసకే కదా. అయిదు పేజీలు నొక్కితే గాని కొననిచ్చీది కాదు, ఒక్క పేజీ సేసినాది."

వల వేసే ముందు చేపలకి మేత వేస్తారు. అది ఎల్లాజీకి అప్పుడు తట్టలేదు.

పదీ నలభైకి తవిటమ్మ ఫోను మోగింది. ఆర్డరు! ఆవిడ ఫోనుని రెండు కళ్ళకీ అద్దుకుంది. "బోణీ!" అంది, మొహమంతా వెలుగు. ఆ వెలుగు ఆరకముందే ఫోను మళ్ళీ మోగింది. కాన్సిల్.

"టెస్ట్ ఆర్డరమ్మా," అంది ఉష తన ఫోనులోంచి తలెత్తకుండా. "పేమెంటు పనిసేస్తందో నేదో సూసి తీసేసినాను."

తవిటమ్మ మొహం నల్లబడింది. ఫోనులో ఏదో నొక్కి, నడుం దగ్గర దోపుకుని, ఆరబోసిన చేపలు తిరగెయ్యడానికి బయట ఉన్న మిగతా ఆడవాళ్ళ దగ్గరికి పోయింది.

ఎల్లాజీ చేతిలోని పార్సిలు దించాడు. బోణీ చేసినవాడు బేరం వెనక్కి తీసుకుంటే అతని తల్లి ఆ రోజు మళ్ళీ గంప దించేది కాదు. పిల్లలు పస్తుంటారని తెలిసినా తిన్నగా ఇంటికొచ్చేసేది. గంప కింద పెరిగిన కూతురు చచ్చినా ఒకరి బోణీ తిప్పికొట్టదు. ఎవతె ఇది?

స్కానర్ తిప్పి మీట నొక్కాడు. ఎర్ర లైటు. కోరల్.

తలుపు గడియ పెట్టి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"లక్ష్ముణ్ణి చంపింది నువ్వేనా?"

ఉష దాచలేదు. యాస ఒక్కసారిగా మాయమైంది. "నీళ్ళడిగాడు. ఉప్పు పెట్టాను."

"చెక్‌అవుట్ పేజీ పాస్‌వర్డ్."

"నాకు తప్ప ఎవరికీ తెలీదు. నేను చెప్పను. పన్నెండు నిమిషాలు ఆగు, సరదా చూద్దువుగాని."

బల్ల మీద ప్యాకెట్లు అతికించే సీలింగ్ మెషీన్ వేడిగా ఉంది. ఎల్లాజీ ఆమె చేతిని దాని మధ్యకి లాగి, పైనున్న పిడి నొక్కాడు. ఒకసారి లక్ష్ముడి కోసం. రెండోసారి నాలుగు వేలమంది కోసం. మూడోసారి ఎవరి కోసమో అతనికే తెలీదు, కోపం అంతే. ఉష అరిచిన అరుపుకి రేకుల మీది కాకులు లేచిపోయాయి.

పదీ యాభైతొమ్మిదికి చెప్పింది. గబగబా కొట్టాడు. తప్పు పాస్‌వర్డ్!

ఉష ఏడుస్తూనే నవ్వింది. "అయిదు. నాలుగు. మూడు..."

పదకొండు.

ఎల్లాజీ స్క్రీన్ చూశాడు. చెక్‌అవుట్ లేదు, కార్టు లేదు, సేల్ లేదు. తెల్లటి పేజీలో రెండే వాక్యాలు: "ఈరోజు కొట్టు తియ్యలేదు. రేపు రండి."

తలుపు దబదబా బాదుతున్నారు. తీస్తే తవిటమ్మ.

"ఏటా అరుపులు? కొట్టు నాను ఎప్పుడో మూసీసినాను. బోణీ తిరిగొచ్చిన రోజు అమ్ముతామేటి?" అంటూ ఆవిడ నడుం దగ్గరి ఫోను చూపించింది. స్టోర్ మూసెయ్యడానికి యజమానికి ఉండే మీట అది, ఒక్క నొక్కు. ఎండుచేపల ముసలమ్మని ఒక్క మాట అడగమని ఎల్లాజీకి ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఉషకీ చెప్పలేదు.

అప్పుడు చూసింది తవిటమ్మ, ఉష చేతిని. "ఓలమ్మా! సెయ్యిలా కాల్సీసినావేట్రా? నన్నడిగితే సెప్పనా?" కుండలో నీళ్ళు తెచ్చి, హంతకురాలి చేతి మీద ధార పోస్తూ కూర్చుంది, పోలీసు జీపు వచ్చేదాకా.

ఆ రోజు వచ్చిన నాలుగు వేలమందీ ఖాళీ పేజీ చూసి వచ్చినదారే పట్టారు. వచ్చినవాళ్ళు అలా పోతూంటే సెర్చ్ ఇంజను ఊరుకుంటుందా? తెల్లారేసరికి ఉప్పుగాలి మొదటి పేజీ నుంచి నాలుగో పేజీకి దిగజారింది. ముప్ఫైమంది మూడేళ్ళ కష్టం. చీఫ్ మాత్రం ఫోనులో కేరింతలు కొట్టాడు. "మిషన్ సక్సెస్! రిపోర్టు నీ పేరునే రాస్తున్నాను."

పొద్దున్నే ఎల్లాజీ షెడ్డుకి వెళ్ళాడు. దొంగ కోడ్ పీకేశారు, కొట్టు మళ్ళీ తెరుస్తున్నారు. జేబులోంచి నోటు తీసి చెయ్యి చాచాడు.

"అరకిలో నెత్తళ్ళు. నేనే బోణీ చేస్తానమ్మా."

తవిటమ్మ ఆ నోటు వంక చూడలేదు. చెయ్యి వంక చూసింది.

"ఆ సేతి బోణీ నాకొద్దు నాయినా. ఎల్లిరా."

రికార్డుల్లో నాలుగు వేల కార్డులు కాపాడింది ఏజెంట్ ఎల్లాజీయే. ఆ కొట్లో అరకిలో నెత్తళ్ళు కొనడం మాత్రం అతని వల్ల కాలేదు.