ఆరో మంచం

నేను వీధిబడి పంతులును. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పోలీస్ యాక్షన్ అయిన ఏడాదికి, దేవరకొండ చుట్టుపక్కల దవాఖానలను చెప్పాపెట్టకుండా చూసి ఉన్నదున్నట్టు రాయమని సర్కారు కొలువుతో సంబంధం లేని ముగ్గురిని వేశారు. అందులో నేనొకణ్ణి.

ఆ మిట్టమధ్యాహ్నం నేనొక్కణ్ణే వెళ్లిన దవాఖాన గేటు దగ్గరే ఉప్పలమ్మ నాకు అడ్డం వచ్చింది.

"సారూ, నా పెనిమిటి వెంకటనర్సు. మగ్గం నేసుకునేటోడు. సంఘపోడని మిలిట్రీ క్యాంపుల కొట్టి ఈడ పడేసిండ్రట. వీళ్లేమో గసొంటోడే రాలేదంటుండ్రు. జర సూడు సారూ."

కాంపౌండర్ సిద్దిరాములు ఎదురొచ్చాడు. "ఆయన రాలేదు సార్. లోపలున్నది ఐదుగురే."

నేనింకా అడగనేలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం అనుకున్నాను.

మాకొక పద్ధతి ఉంది. దవాఖాన మనుషులను బయట నిలబెట్టి, రోగిని ఒంటరిగా అడగాలి. చెప్పింది పేజీకొకరిది రాసి, కింద వేలిముద్ర వేయించుకోవాలి.

వార్డులో ఫినాయిలు వాసన. దాని కింద బురద వాసన, పాత బావిలోకి దిగితే వచ్చేది. చినుకు పడని ఏడాది అది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆరు మంచాలు. ఆరింటి మీదా గొంగడి ముసుగేసుకున్న మనుషులు.

ఐదుగురేనన్నాడు! దొంగ దొరికాడని సంబరపడ్డాను.

"అంత మంచిగనే ఉన్నది సారూ," అన్నాడు మొదటివాడు. రెండోవాడూ అదే మాట. ఐదోవాడి దాకా అదే మాట... అదే గొంతు. వేలిముద్రకు ముసుగులోంచి చెయ్యొక్కటే బయటికి వచ్చేది. బెదిరించి నేర్పించారనుకున్నాను.

ఆరోవాడి మీదికి వంగాను. "పేరు?"

"వెంకటనర్సు..."

"మందులిస్తున్నారా?"

"మందుతోని పనిలేదు సారూ... మాయామెకు చెప్పు. ఎనుక బాయిల ఉన్న."

వేలు పట్టుకుని ముద్ర వేయించాను. చల్లగా, తడిగా ఉంది.

"సిద్దిరాములూ! ఈ ఆరోవాడెవడు?"

"ఏ ఆరోవాడు సార్?"

తిరిగి చూశాను. ఆరో మంచానికి నాలుగు కోళ్లు, పట్టెలు. నులక లేదు. పిల్లి కూడా పడుకోలేని మంచం.

దవాఖాన వెనక్కి పరుగెత్తాను. బావి నిండా రాళ్లు. కొత్తగా పోసినవి. వెంటే వచ్చిన ఉప్పలమ్మకు పుస్తకంలో ఆరోవాడి వేలిముద్ర చూపించాను.

"ఆయన ఏలే సారూ! మగ్గం కాడ కోసుకున్న గాటు, గిదిగో." ఏడుస్తూ పేజీ వెనక్కి తిప్పింది. ఆగింది.

"సారూ... గిది గూడ ఆయనదే." ఇంకో పేజీ. "గిది గూడ..."

ఆరింటికీ అదే గాటు.

"లోపల్నే ఉన్నడు," అంటూ కదిలింది. వద్దన్నాను. కొంగు పట్టి ఆపవలసింది. ఆపలేదు. ఆమె వార్డులోకి వెళ్లింది. తలుపు మూసుకుంది.

చాలాసేపు చూశాను. చివరికి మూసిన కిటికీ దగ్గరికి వెళ్లి మెల్లగా పిలిచాను.

"ఉప్పలమ్మా..."

లోపల్నుంచి ఆమె గొంతే.

"అంత మంచిగనే ఉన్నది సారూ."