తటస్థుడి ప్రేమ

"ఆపు, వెండెల్. జవాబు మళ్ళీ నా నోట్లో పెట్టేశావు."

కోరిన్ రికార్డర్ నొక్కి ఆపేసింది. కిటికీ అవతల ఇండియానా మార్చి వాన. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఎలా నేర్చుకుంటారో, ఎందుకు మధ్యలో వదిలేస్తారో పరిశోధించే పీహెచ్‌డీ వాళ్ళిద్దరిదీ. ఆ పిల్లల్ని ప్రశ్నించబోయే ముందు ఒకరినొకరు ప్రశ్నించుకుని సాధన చేయడం ఆ విభాగం ఆనవాయితీ.

"నేనేమన్నానని?"

"'ఆ క్లాసులో భయమేసిందా' అన్నావు. వేయకపోయినా వేసిందంటాడు పాపం, రేపు నీ ముందు కూర్చునే కుర్రాడు. 'ఆ క్లాసు ఎలా ఉండేది' అనాలి. అని నోరు మూసుకోవాలి, మహానుభావా!"

వెండెల్ నవ్వాడు. ఇక్కడికి రాకముందు అతడు వంతెనలు కట్టేవాడు. ఉక్కుకు ఇష్టాయిష్టాలుండవు, ఎంత మోస్తుందో లెక్కే చెబుతుంది. మనిషినైతే అడగాలి, అడిగే తీరు వల్ల జవాబు వంకర పోకుండా చూసుకోవాలి. అది నేర్పింది కోరినే. అతడు అవసరానికి మించి నేర్చుకున్నాడు. ఎదుటి మనసును తన కోరికతో తాకడం కూడా ఒక బలవంతమేనని నమ్మాడు. అందుకే రెండేళ్ళుగా పక్క బల్ల దగ్గరే కూర్చుని, ఆమె జుట్టుముడి జారినప్పుడల్లా చూపు తిప్పుకుని, ఏమీ అనకుండా ఉండిపోయాడు.

"మోంటానా యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చింది," అంది కోరిన్ ఉన్నట్టుండి. "ప్రొఫెసర్ ఉద్యోగం నాకే ఇస్తారట. రేపు ఏదో ఒకటి చెప్పాలి."

వెండెల్ తన ప్రశ్నల కాగితం సర్దుకున్నాడు.

"దాని గురించి నీకేమనిపిస్తోంది?" అన్నాడు.

కోరిన్ ముఖం ఎర్రబడింది.

"నేను నీ పరిశోధనకి శాంపిల్‌ని కాను! ఇన్నాళ్ళలో నీకేం కావాలో ఒక్కసారైనా చెప్పావా? కాఫీకి వెళ్దామా అంటే 'నీ ఇష్టం'. సినిమాకా అంటే 'నీ ఇష్టం'. గోడతో మాట్లాడినా ప్రతిధ్వని వస్తుంది, వెండెల్!"

ఆమె వెనక తలుపు ధడాలున మూసుకుంది.

తాను గౌరవం అనుకున్నది భయమని అప్పుడు తెలిసింది అతడికి. కాదనే అవకాశాన్ని కూడా ఆమెకు ఇవ్వని భయం.

పార్కింగ్‌లో వానలో తాళాలు వెతుక్కుంటోంది కోరిన్. అతడు పరుగున వచ్చి నిలబడ్డాడు.

"వెళ్ళొద్దనను. ఆ ఉద్యోగం నీకే తగింది. కానీ నువ్వు లేని ఆ గదిని తలుచుకుంటేనే నాకు ఊపిరాడటం లేదు. నా థీసిస్‌కి ఇంకో ఏడాది పడుతుంది. అవగానే నీ దగ్గరికి రావాలనుంది. నాకు కావాల్సింది అదీ. వద్దంటే తట్టుకుంటాను... తట్టుకోలేనేమో."

"ఇదేం తటస్థంగా లేదు."

"లేదు."

"పరిశోధనకి పనికిరాదు."

"రాదు."

ఆమె తడిచేత్తో అతడి కాలరు సరిచేసింది. "నాకు పనికొస్తుందిలే."

ఆగస్టులో, మోంటానాకి బయలుదేరుతూ, పుస్తకాలతో కిక్కిరిసిన కారులోంచి కోరిన్ తల బయటపెట్టింది.

"డిసెంబరొస్తే అక్కడ కొండ దారులు మూసేస్తారట."

"అయితే నిన్ను చూడ్డానికి నవంబర్లోనే వస్తా."

"అక్టోబరు ఇంకా బాగుంటుందట, బాబూ!"

మొక్కజొన్న చేల మలుపులో కారు కనుమరుగయ్యాక కూడా అతడు చాలాసేపు ఆ రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆమె వెళ్ళిన పడమట ఆకాశం ఇంకా వేసవిదే. అతడికి మాత్రం అక్టోబరు మీద బెంగ అప్పుడే మొదలైంది.