పదమూడో రీలు

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

ఆ రోజు పెద్దల అమావాస్య. బేతంచెర్ల దాటి ఐదు మైళ్లు పోతే, వదిలేసిన నాపరాళ్ల గనులు. పైన ఆకాశం కాగిన పెనంలా ఉంది. గాలి లేదు. తుమ్మచెట్టు మీద ఆకు కదలడం లేదు. మనిషి నీడ మనిషి కాళ్ల కిందే దాక్కునే వేళ... భూతప్రేతాలు అర్ధరాత్రి కన్నా నిర్భయంగా తిరిగే వేళ! గని గోడ చీలికలో ఎక్కడో గుడ్లగూబ అరిచింది. పట్టపగలు గుడ్లగూబ!

తిమ్మయ్య ఆగలేదు. భుజాన సంచితో గనిలోకి దిగుతున్నాడు. సంచిలో ఒక కొత్త చీర, పొద్దున కొన్న రెండు జొన్నరొట్టెలు, నీళ్ల సీసా, ఒక ఖాళీ నోటుపుస్తకం.

ఆ వేళకు ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పెద్దలకు గుడ్డలు పెడుతున్నారు. కొత్తబట్టలు పీట మీద పరిచి, ముందు అన్నం వడ్డించి, చెంబుతో నీళ్లు పెట్టి, పోయినవాళ్లను పేరుపెట్టి పిలుస్తారు. పిలిచి అందరూ బయటికి వచ్చి తలుపు మూస్తారు. వాళ్లు వచ్చి తీసుకునేటప్పుడు చూడకూడదు. చూస్తే రారు.

తిమ్మయ్య ఇంటికి తాళం వేసి ఉంది. ఐదేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పిలవలేదు.

ముప్పై రెండేళ్లు అతను సినిమా టాకీసులో ఆపరేటరు. ప్రొజెక్టర్ రూములో జానెడు కంతలోంచి బొమ్మనూ చూశాడు, బొమ్మ చూసే జనాన్నీ చూశాడు. ఎక్కడ ఏడుస్తారో, ఎక్కడ బీడీకి లేస్తారో అతనికి తెలుసు. రీలు డబ్బాలు పోయి డిజిటల్ వచ్చినా అతని లెక్క రీళ్లలోనే. ఇప్పుడా టాకీసు పెళ్లిళ్ల హాలు.

ఐదేళ్ల కిందట ఒక సాయంత్రం అతని భార్య సుబ్బలక్ష్మమ్మకు చలిజ్వరం వచ్చింది. "ఈ పొద్దు పోవాకు" అంది. ఎన్నడూ అడగని మనిషి. "కొత్త బొమ్మ. పోకుంటే ఎట్ల? సెకండ్ షో ఇడిస్తానే వస్తా" అన్నాడు. వచ్చేసరికి ఆమె తలుపు వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన నీళ్ల చెంబు ఒరిగి ఉంది. నీళ్లు నేల తాగేసింది. ఆమె తాగలేదు.

పిలిచిందా? ఏమని పిలిచింది? తిట్టిందా? గోడలకు తెలుసు. గోడలు చెప్పవు.

"పెద్దలకు గుడ్డలు పెట్టుకోవా తిమ్మయ్యా?" అని చుట్టాలు అడిగితే ఒకటే మాట అనేవాడు. "ఉన్నపొద్దు పక్కన లేనోడు, పోయినాక చీర పెట్టేదేంది?" క్రమంగా అడగడం మానేశారు. రావడమూ మానేశారు. ఆమె ఒక్కసారీ కట్టకుండా దాచుకున్న ఉగాది చీర పెట్టె అడుగున అలాగే ఉండిపోయింది.

ఇల్లు మాట్లాడదు కాబట్టి రాయడం మొదలుపెట్టాడు. అంతకు మించిన కారణం లేదు. కర్నూలులో ప్లాట్ల వ్యాపారం చేసే భూపేష్‌కు సినిమా పిచ్చి. "మామా, నీకంటే బొమ్మలు చూసినోడు జిల్లాలో ఎవడున్నాడు? ఒక క్షుద్ర కథ రాసియ్యి. నేను తీస్తా" అన్నాడు. తిమ్మయ్య రీలుకొక నోటుపుస్తకం పెట్టుకున్నాడు. ఏడాదిలో పన్నెండు నిండాయి. పదమూడోది ఖాళీ.

మంత్రగాడు ఎలా చావాలి? అక్కడ ఆగింది. విలన్ చావు నమ్మించకపోతే జనం కుర్చీలు తన్ని పోతారు. సోమవారానికి బొమ్మ డబ్బాలోకి! అది అతను కంతలోంచి వందసార్లు చూశాడు.

కాబట్టి అడగడానికి పోయాడు. గుడి పూజారి నరసింహ మంత్రం అన్నాడు. పాస్టర్ దావీదురాజు "ఏసు నామం తిమ్మయ్యా, ఇంకేముంటాది?" అన్నాడు. దర్గా దగ్గర ఫకీరు తాయెత్తు కట్టి దక్షిణ అడిగాడు. ఎవరి సరుకు వాళ్లు చెప్పుకున్నారు.

గనిదారిలో లారీలవాళ్లకు జొన్నరొట్టెలు అమ్మే ముసలి ఈరక్క మాత్రం ఏ మంత్రమూ చెప్పలేదు.

"మంత్రగాడు ఎట్ల సస్తాడో నాకేం తెల్సన్నా? ఎట్ల బతుకుతాడో తెల్సు. ముప్పై ఏండ్ల కిందట మా చెల్లెలు మహాదేవమ్మ ఈ గనినీళ్లలోనే పడి సచ్చిపాయ. పూడ్చిన మూడోనాటికి గుంత తవ్వేసినారు. వొళ్లు ఉండాది... తల లేదు! పెండ్లి కాకుండా అట్ల సచ్చిందని మా నాయన దాని పేరెత్తనియ్యలేదు. గుడ్డలు పెట్టనియ్యలేదు. నేనూ భయపడి పెట్టలేదు." కొంగుతో పెనం తుడిచింది. "చెరుకు కొరికి ముందుపన్ను అడ్డంగా సగానికి ఇరగ్గొట్టుకున్యాది. నవ్వితే దాన్నే చూడాల."

తిమ్మయ్య రాసుకున్నాడు. తర్వాత ఎవరూ చేయని పని చేశాడు. నేరుగా మంత్రగాడి దగ్గరికే పోయాడు.

వాడు బూడిద బసప్ప! పాడుబడ్డ గనిలో రాళ్ల గుడిసె. జడలు కట్టిన జుట్టు, చింతనిప్పుల కళ్లు, ఒడిలో ఎర్రగుడ్డ చుట్టిన పుర్రె.

"ఏమప్పా, దేనికొచ్చినావు? చేతబడి పెట్టిచ్చనీకా, తీపిచ్చనీకా?"

"అడగనీకొచ్చినా. నువ్వెట్ల సస్తావు?"

బసప్ప గని మోగేటట్టు నవ్వాడు.

"ముప్పై ఏండ్లల్లో ఈ మాట అడిగినోడు లేడు! దేనికిరా నీకు?"

"సినిమాకు."

బసప్ప జడలు సర్దుకున్నాడు. "నా వేషం ఎవరేస్తారు?"

"ఇంకా అనుకోలేదు."

"పొట్టోన్ని పెట్టాకు. రాసుకో... దేవుడు గాదు, దయ్యం గాదు. ఈ పుర్రె ఉన్నన్నాళ్లు నాకు సావు లేదు! ఇది దిక్కులేనిది. దీన్ని పేరుపెట్టి పిలిచినోడు లేడు, నా అని గుడ్డ పెట్టినోడు లేడు. అట్లాంటి ప్రేతమే నాకు బానిస. పెట్టేవాడు ఒక్కడు పుడితే ఆ పొద్దే నేను బూడిద!" మళ్లీ నవ్వాడు. "వాడు పుట్టలేదు లే... నీ పెండ్లాం ఉండాదా?"

"పోయి ఐదేండ్లాయ."

"గుడ్డలు పెడ్తాండావా?"

"లేదు."

బసప్ప కళ్లలో ఏదో వెలిగింది. గొంతు తేనె అయింది. "ఆమెతో మాట్లాడిస్తా. పెద్దల అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం రా. ఆమె కట్టకుండా ఇడిసిన చీర ఉంటే తేప్పా."

అందుకే ఈ రోజు తిమ్మయ్య గనిలోకి దిగాడు. సినిమా కోసం కాదు. ఒక్క మాట కోసం. ఆ రాత్రి ఆమె ఏమని పిలిచిందో ఆ ఒక్క మాట కోసం!

గని అడుగున పచ్చటి నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఒడ్డున పెద్ద నాపబండ. బండ మీద హోమగుండం. పక్కన బూడిద వలయం మధ్య ఒక యువతి, జుట్టు విరబోసుకుని, కళ్లు పైకి తేలేసి ఊగుతోంది. పేరు భువన. దయ్యం పట్టిందని అత్తింటివాళ్లు నెల కిందట బసప్ప దగ్గర వదిలిపోయారు. ముక్కులోంచి కారిన రక్తం పెదవి మీద ఎండి ఉంది. ప్రేతాలు మాట్లాడేది ఆమె నోటితోనే.

"హ్రీం... క్రీం... ఫట్!" బసప్ప మిరపకాయలు గుండంలోకి విసిరాడు. నల్లటి పొగ లేచింది. భువన కేక పెట్టింది. గని నాలుగు గోడలూ ఆ కేకను అందుకుని ఒకదాని మీదికొకటి విసురుకున్నాయి! పచ్చటి నీళ్లలో బుడగలు లేచాయి. మబ్బు లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము గొణిగింది.

భువన తల వాల్చింది. మళ్లీ ఎత్తినప్పుడు ఆ గొంతు భువనది కాదు.

"తలుపు గడి తీసే పెట్టినా..."

తిమ్మయ్య వలయం దాకా పోయాడు. సుబ్బలక్ష్మమ్మ! ఐదేళ్లుగా గోడలు దాచుకున్న గొంతు!

"శానా దప్పికైతాండె... చెంబు అందలేదు... అప్పుడు నిన్ను..."

"నన్ను? ఏమన్యావు సుబ్బీ? చెప్పు!"

గొంతు తెగిపోయింది. బసప్ప చెయ్యి చాచాడు. "చీర! అగ్గిలో వెయ్యి! మిగతాది చెప్తాది!"

తిమ్మయ్య సంచిలోంచి చీర తీశాడు. ఎర్రంచు పసుపు చీర. మడతల్లో ఇంకా కలరా ఉండల వాసన. బసప్ప ఎర్రగుడ్డ విప్పి పుర్రెను బండ మీద నిలిపాడు.

"వెయ్యరా! ఐదేండ్లు గుడ్డ ముట్టని ప్రేతం... ఇట్లాంటిదాని కోసమే ఎదురు చూస్తాండా! ముప్పై ఏండ్లు పనిచేసి ఈ పుర్రె అలిసిపోయినాది. ఆ చీర కాలితే నీ పెండ్లాం దీంట్లోకే వస్తాది. ఇంక ఎప్పటికీ నాదే!" ఆనందంలో వాడికి నోరు ఆగలేదు. "నీ పుణ్యమే లేప్పా. నువ్వు దిక్కులేనిదాన్ని చేయబట్టే నాకు దొరికినాది."

ఆ మాట తిమ్మయ్యకు గుండెలో కాదు, ఎముకలో దిగింది. నిజం కాబట్టి.

గుండంలో మంట నాలుక చాచింది. ఒక్క విసురు చాలు. ఆ మాట వినొచ్చు. ఐదేళ్లు దానికోసమే బతికాడు. "వెయ్... వెయ్..." బసప్ప గొంతు. "నిన్ను... నిన్ను..." భువన నోట సుబ్బలక్ష్మమ్మ గొంతు, గాలానికి చిక్కిన చేపలా కొట్టుకుంటూ.

తిమ్మయ్య చూపు పుర్రె మీద పడింది. ముందుపన్ను. అడ్డంగా, సగానికి విరిగి ఉంది.

అతను చీరను మంటలో వేయలేదు. బండ మీద పరిచాడు. దాని మీద జొన్నరొట్టె పెట్టాడు. పక్కన నీళ్ల సీసా మూత తీసి పెట్టాడు.

"ఏం చేస్తాండావురా?" బసప్ప అరిచాడు.

"మహాదేవమ్మా!" తిమ్మయ్య గొంతు గనిలో మోగింది. "ఈరక్క చెల్లెలా! ఈ పొద్దు పెద్దల అమావాస్య. ఇది నీ చీర... వచ్చి తీసుకో తల్లీ!"

బసప్ప మొహంలో రక్తం లేదు. "అది నీకేమైతాదిరా? నీ కులమా, గోత్రమా? నువ్వు పెడితే చెల్లదు!"

"చెల్లెలైతాది. మా ఇంటి ఆడబిడ్డ. చెల్తాది."

అని వెనక్కి తిరిగాడు. అక్కడ మూయడానికి తలుపు లేదు. కాబట్టి వీపు చూపి నిలబడ్డాడు. చూస్తే రారు.

ముందు సీసాలో నీళ్లు గడగడమన్నాయి. తర్వాత కొత్తచీర మడత విప్పిన చప్పుడు... గాజుల గలగల... ఒక ఆడపిల్ల నవ్వు! సన్నగా, ముప్పై ఏళ్ల తర్వాత నోరు తెరిచిన నవ్వు!

"వద్దు... వద్దు తల్లీ! నిన్ను సాకినా గదా... తిరిగి సూడరా తిమ్మయ్యా! తిరిగి సూడు, దుడ్లిస్తా! ఒక్కసారి సూడరా!"

తిమ్మయ్య చూడలేదు. బండ మీద గోళ్లు గీచుకుంటూ పోయిన చప్పుడు విన్నాడు. ఆకాశం రెండుగా చీలినట్టు ఉరిమింది. ఒక ఆర్తనాదం... మధ్యలో తెగిపోయింది! నీళ్లు మూసుకున్నాయి.

ముప్పై రెండేళ్లు కంతలోంచి ప్రతి క్లైమాక్సూ చూసినవాడు ఆ ఒక్కదాన్నీ చూడలేదు.

వాన మొదలైంది. అప్పుడు తిరిగాడు. చీర లేదు. పుర్రె లేదు. నీళ్ల అంచు దాకా బండ మీద పది గీతలు. నీటి మీద బూడిద తెట్టులా తేలుతోంది.

భువన వానలో నోరు తెరుచుకుని కూర్చుంది. "మామా, దప్పికైతాంది" అంది. ఆమె సొంత గొంతు. సీసా అడుగున మిగిలిన నీళ్లు తాగించాడు. సుబ్బలక్ష్మమ్మ గొంతు ఇక ఎక్కడా లేదు. ఇక రాదు. అతనికి తెలుసు.

భువనను ఈరక్క గుడిసెకు తీసుకుపోయాడు. "అక్కా, మహాదేవమ్మకు చీర పెట్టినా" అన్నాడు. ముసలామె చేతిలోని పిండిముద్ద కింద పెట్టింది.

"పన్ను?"

"ఇరిగుండాది."

ఈరక్క కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత భువనను పొయ్యి దగ్గరికి జరిపి, తల తుడిచి, రొట్టె పెట్టింది. "ఈడనే ఉండు. నాకు చెల్లెలు లేదు" అంది.

దారిలో భూపేష్ ఫోన్. తిమ్మయ్య రెండు ముక్కల్లో చెప్పాడు.

"క్లైమాక్స్‌లో చీరేంది మామా? హీరో వీపు తిప్పుకునేదేంది? అమ్మోరు రావాల, త్రిశూలం దిగాల. గ్రాఫిక్స్ పెడ్దాం!"

"నువ్వే రాసుకో" అని పెట్టేశాడు.

బజారులో ఒక నూలుచీర కొన్నాడు. మంచిది కాదు. ఉన్న డబ్బుకు అదే వచ్చింది. ఇంటి తాళం తీశాడు. పొద్దు ఇంకా ఉంది. చీర పరిచాడు. అన్నం వండాడు, మాడింది. ఆ చెంబునే తోమి, అంచుదాకా నీళ్లు పోసి, ఆమె పడుకున్న చోట, చేతికి అందేటట్టు పెట్టాడు.

"సుబ్బలక్ష్మమ్మా..." ఐదేళ్ల తర్వాత ఆ పేరు ఆ ఇంట్లో వినపడింది. "వచ్చినా."

బయటికి వచ్చి తలుపు మూశాడు. వీపు తలుపుకు ఆనించి మెట్టు మీద కూర్చున్నాడు. సంచిలోంచి పదమూడో నోటుపుస్తకం తీశాడు. వానకు తడిసి అట్ట ఉబ్బింది. తెరిచి, ఏమీ రాయకుండా మూశాడు. లోపల చప్పుడేమీ లేదు. ఉంటుందేమోనని ఊపిరి బిగబట్టి విన్నాడు. లేదు. వీధిలో పిల్లలు, ఎవరిదో బండి, కాకులు.

పొద్దు కుంకేముందు తలుపు తీశాడు.

చీర పెట్టింది పెట్టినట్టే ఉంది. మాడిన అన్నం మెతుకు కదల్లేదు. ఆ రాత్రి ఆమె ఏమని పిలిచిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

చెంబులో మాత్రం నీళ్లు ఒక్క గుక్క తగ్గి ఉన్నాయి.